ఇసుక ర్యాంపు పక్క ఊళ్లో నీరు ఉప్పెక్కితే: గోదావరి డెల్టాలో భూగర్భజల పరిశీలనకు సమగ్ర మార్గదర్శి

ఏటిగట్టు కింద ఊళ్లలో నీరు మారిన సంగతి ముందుగా వంటింట్లోనే బయటపడుతుంది. కందిపప్పు ఎంతసేపు ఉడికినా పలుకుగానే ఉంటుంది, టీలో పోసిన పాలు విరుగుతాయి, సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు. ఆ తరవాత మాట వీధిలోకి వస్తుంది. ర్యాంపు, అంటే ఏట్లో ఇసుక తవ్వి బండ్లకెత్తే చోటు, పెట్టిన నాటి నుంచే ఇలా అయిందని ఊరివారు అంటారు. సముద్రానికి దగ్గరి ఊరు కనుక ఉప్పు ఎప్పుడూ ఉన్నదేనని తవ్వేవారు అంటారు. ఈ రెండు మాటల్లో ఏదైనా నిజం కావచ్చు, రెండూ కొంత కొంత నిజం కావచ్చు. ఏది ఎంత నిజమో కొలిచి చెప్పదలచుకున్న వారి కోసం, అంటే హైస్కూలు సైన్సు మాస్టార్ల కోసం, డిగ్రీ కళాశాల రసాయన శాస్త్ర విద్యార్థుల కోసం, పంచాయతీ సభ్యుల కోసం, సొంత బోరు మీద బతికే రైతుల కోసం ఈ మార్గదర్శి రాస్తున్నాను.

ముందే ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. గనుల దగ్గర నీటి కాలుష్యం అనగానే చాలా పుస్తకాలు బొగ్గు, రాగి గనుల సంగతి చెబుతాయి: రాతిలోని పైరైటుకు (ఇనుము, గంధకం కలిసిన ఖనిజానికి) గాలి తగలడం, గంధకామ్లం పుట్టడం, దానిలో లోహాలు కరిగిపోవడం. గోదావరి ఇసుకకు ఆ కథ వర్తించదు. ఇసుకలో ఎక్కువ భాగం నీటిలో దాదాపు కరగని రేణువులే. ఇసుక తవ్వకం నీటిలో కొత్తగా ఉప్పు కలపదు. ఉప్పును దూరంగా నెట్టి ఉంచుతున్న మంచినీటి ఒత్తిడిని తగ్గిస్తుంది. కనుక సీసాలో నీరు పట్టి ల్యాబుకు పంపినంత మాత్రాన మన ప్రశ్నకు జవాబు రాదు. నీటి మట్టం, కాలం, అయాన్ల (నీటిలో కరిగి ధన, రుణ విద్యుదావేశం గల రేణువుల) నిష్పత్తి అనే మూడింటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడే ఉప్పు దారి కనబడుతుంది.

మొదటి మెట్టు: ఊరి కింద ఏముందో గీసుకోవడం

ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలుతుంది. వసిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. ఈ పాయల మధ్య నేలంతా నది మోసుకొచ్చిన ఒండ్రు, సముద్రం వెనక్కి జరుగుతూ విడిచిపెట్టిన ఇసుక, ఆ రెంటి నడుమ చిక్కుకున్న బంకమట్టి. కోనసీమలో కొబ్బరి తోటలు, పాత ఊళ్లు ఎక్కువగా కాస్త మెరక మీద, ఇసుక దిబ్బల మీద కనిపిస్తాయి. ఆ ఇసుకలో వానా కాలువా నింపిన మంచినీరు, అడుగున ఉన్న బరువైన ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. పల్లంలో బంకమట్టి కింద చిక్కినది పాత సముద్రపు నీరే కావచ్చు. ఒకే వీధిలో ఒక ఇంటి బోరు తియ్యగానూ, నాలుగిళ్ల అవతల బోరు ఉప్పగానూ ఉండటానికి కారణం చాలాసార్లు ఇదే. అందులో ర్యాంపు ప్రమేయం ఏమీ ఉండదు.

అందుచేత మొదటి రోజు సీసాలు పట్టుకెళ్లవద్దు. గ్రామ పటం ఒకటి సంపాదించి దాని మీద ఏటిగట్టు, పంట కాలువలు, మురుగు కాలువలు, మంచినీటి చెరువు, రొయ్యల చెరువులు, ఇటుక బట్టీల గోతులు, చమురు గ్యాస్ బావులు ఉంటే అవి, ర్యాంపు బాట, ఇసుక తీసిన గోతులు గుర్తించండి. పాత ఏటి దారులు ఎక్కడ ఉండేవో పెద్దవారిని అడగండి. నుయ్యి తవ్వినప్పుడు ఎన్ని అడుగులకు ఇసుక తగిలింది, ఎక్కడ నల్ల బంక వచ్చింది అన్నది బోరు దించిన మేస్త్రీకి సాధారణంగా గుర్తుంటుంది. ఆయనతో గడిపిన ఒక పూట, ఖరీదైన సర్వే కంటే ఎక్కువ చెప్పడం నేను చూశాను.

రెండో మెట్టు: ఏ బోర్లు ఎంచుకోవాలి

ర్యాంపు పక్కనున్న బోర్లు మాత్రమే పరీక్షిస్తే అవి ఉప్పగా ఉన్నాయని తేలవచ్చు గాని, ర్యాంపు వల్ల ఉప్పగా ఉన్నాయని తేలదు. ఏటిగట్టు నుంచి ఊరి లోపలికి అడ్డంగా రెండు వరుసలు అనుకోండి: ఒకటి తవ్వకానికి ఎదురుగా, మరొకటి అదే పాయ మీద తవ్వకం లేని చోట. రెండు వరుసలూ సముద్రం నుంచి దాదాపు ఒకే దూరంలో ఉండాలి. లేకపోతే పోలిక చెడుతుంది. ఒక్కో వరుసలో గట్టుకు దగ్గరగా ఒకటి, ఆ తరవాత దూరం పెంచుకుంటూ నాలుగైదు బోర్లు తీసుకోండి. రొయ్యల చెరువు పక్కన ఒకటి, పంట కాలువ పక్కన ఒకటి అదనంగా పెట్టుకోండి. మొత్తం పన్నెండు నుంచి పదిహేను బోర్లు ఒక గ్రామానికి చాలు. ముప్పై పెట్టుకుని రెండోసారి తిరగలేక మానేసేకంటే పన్నెండింటిని మూడేళ్లు విడవకుండా చూడటం మేలు.

ప్రతి బోరుకూ లోతు తెలియాలి. అడిగితే చాలామంది అడుగుల్లో చెప్పలేరు, కాని ఎన్ని పైపులు దించారో చెబుతారు. ఒక పైపు ఇరవై అడుగులు. ఫిల్టరు (నీరు లోపలికి వచ్చే చిల్లుల పైపు) ఎక్కడ పడింది, చివరి పైపుకేనా అంతకు పైన కూడా ఉందా అన్నదీ రాసుకోండి. మూడు పైపుల ఫిల్టరు పాయింటునూ (తక్కువ లోతు బోరునూ) ఎనిమిది పైపుల బోరునూ ఒకే పట్టికలో పోల్చడమంటే రెండు వేర్వేరు పొరల నీటిని కలిపి చూడటమే.

మూడో మెట్టు: ఎప్పుడు పట్టాలి

ఇక్కడే చాలా పరిశీలనలు దెబ్బతింటాయి. డెల్టాలో నీటి రసాయనాన్ని నడిపించేది వాన ఒక్కటే కాదు, కాలువ కూడా. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి కాలువ నీరు పారుతోంది; సార్వా (ఖరీఫ్), దాళ్వా (రబీ) రెండు కార్లూ అది చేలలో నిలుస్తుంది, అందులో కొంత కిందికి ఇంకుతుంది. దాళ్వా కోతల తరవాత కాలువలు కట్టేస్తారు. ధవళేశ్వరం బ్యారేజీ దిగువన ఏటి ప్రవాహం సన్నగిల్లుతుంది, పోటు నీరు పాయ వెంట పైకి ఎక్కుతుంది, ఊరంతా బోర్ల మీద పడుతుంది. ఈ మూడూ ఒకేసారి జరిగే మే నెల నీటిని వరద తగ్గాక నవంబరులో పట్టిన నీటితో పోల్చి, మార్పంతా ర్యాంపు వల్లేనని రాస్తే ఆ నివేదికను ఎవరైనా అరనిమిషంలో కొట్టిపారేస్తారు. పోల్చవలసింది ఈ మే నెలను గత మే నెలతో. ఈ నవంబరును గత నవంబరుతో.

కనీసం ఏడాదికి రెండు విడతలు తీయండి: కాలువలు కట్టేసిన మూడు నాలుగు వారాలకు ఒకటి, వరదలు తగ్గాక నవంబరులో ఒకటి. కేంద్ర భూగర్భ జల మండలి తన పరిశీలన బావుల్లో మట్టాన్ని ఏడాదికి నాలుగు సార్లు, సాధారణంగా మే, ఆగస్టు, నవంబరు, జనవరి నెలల్లో కొలుస్తుంది. మీ నెలలు వాటితో కలిస్తే వారి పాత అంకెలు మీకు పనికొస్తాయి. తవ్వకానికి ముందునాటి నీరు ఎలా ఉండేదో చెప్పే ఆధారాలు కూడా ఇక్కడే వెతకాలి: రాష్ట్ర భూగర్భ జల శాఖ పీజోమీటర్ల (మట్టం కొలవడానికే వేసిన బోర్ల) రికార్డు, గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబులో పంచాయతీ బోరుకు గతంలో చేసిన పరీక్షలు, బ్యాంకు రుణం కోసం రైతు చేయించుకున్న నీటి పరీక్ష కాగితం. ఈ చివరి దాన్ని ఎవరూ అడగరు. బీరువాలో మాత్రం ఉంటుంది.

నాలుగో మెట్టు: మట్టం కొలవడం

రసాయనం కంటే దీన్ని నేను ముందు పెడతాను. ఉప్పు కదలాలంటే మట్టాల్లో తేడా ఉండాలి. తేడా ఎటు ఉందో తెలియకుండా ఎంత ఖరీదైన పరీక్ష చేయించినా, దాని ఫలితం గాలిలో వేలాడుతూ ఉంటుంది.

స్టీలు టేపు చివరి మీటరుకు సుద్ద రాసి, మోటారు కనీసం రెండు గంటలు ఆగిన బోరులోకి దించండి. తడిసిన చోట సుద్ద ముదురు రంగుకు మారుతుంది. పైపు అంచు దగ్గరి అంకె నుంచి తడి గీత దగ్గరి అంకె తీసివేస్తే నీటి లోతు వస్తుంది. రెండుసార్లు కొలిచి, తేడా సెంటీమీటరు లోపు ఉంటేనే రాసుకోండి. ఆ తరవాత అన్ని పైపు అంచుల ఎత్తునూ ఆటో లెవెల్ అనే సర్వే పరికరంతో ఒకే బెంచిమార్కుకు (ఎత్తు తెలిసిన స్థిర గుర్తుకు) కట్టాలి. పాలిటెక్నిక్ విద్యార్థులను అడిగితే ఈ పని ఒక రోజులో చేసిపెడతారు. డెల్టా నేల ఎంత చదునో తెలిసినవారికి ఇందులో ఉబుసుపోక ఏమీ లేదని వేరే చెప్పనక్కరలేదు. ఇరవై సెంటీమీటర్ల పొరపాటు ఇక్కడ ప్రవాహ దిశనే తిప్పేస్తుంది.

తీరప్రాంత జలశాస్త్రంలో గైబెన్, హెర్జ్‌బర్గ్ పేర్లతో పిలిచే లెక్క ఒకటి ఉంది. సముద్ర మట్టానికి పైన మంచినీరు ఒక మీటరు నిలిస్తే, దాని కింద సుమారు 40 మీటర్ల దాకా మంచినీరే ఉంటుంది. తిరగేసి చదవండి: మంచినీటి మట్టం పావు మీటరు దిగితే అడుగునున్న ఉప్పునీటి సరిహద్దు పది మీటర్లు పైకి రావడానికి దారి దొరుకుతుంది. బంక పొరలు అడ్డున్న డెల్టాలో ఈ లెక్క తు.చ. తప్పకుండా నడవదు, రావడానికి ఏళ్లు కూడా పట్టవచ్చు. అయినా ఏటి అడుగు లోతైతే ఏం జరుగుతుందో అర్థం కావడానికి ఇంతకంటే మంచి మెట్టు లేదు. ఏటి అడుగు దిగితే ఏటి నీటి మట్టం దిగుతుంది. ఏటి మట్టం దిగితే గట్టు వెనుక ఇసుకలోని మంచినీరు ఏట్లోకి కారిపోతుంది.

గట్టుకు అతి దగ్గరి బోరులో ఒక రోజు గంట గంటకూ, పదమూడు గంటలపాటు మట్టం చూడండి. పోటూ పాటూ కలిసి ఒక చుట్టు సుమారు పన్నెండు గంటల ఇరవై అయిదు నిమిషాలు. ఏటి పోటుతో పాటు బోరులో నీరు కొద్దిగా ఆలస్యంగా, కొద్దిగా తక్కువ ఎత్తుకు లేచి దిగుతుంటే ఆ బోరుకూ ఏటికీ సంబంధం ఉన్నట్లే. కదలిక ఏమీ లేకపోతే మధ్యలో బంక అడ్డుందేమోనని అనుమానించండి. అలాంటి బోరులో ఉప్పు పెరిగితే కారణం మరెక్కడో వెతకాలి.

అయిదో మెట్టు: నీరు పట్టడం

పైపులో నిలిచిన నీరు నేలలోని నీరు కాదు. పైపులో ఉన్న నీటికి మూడింతలు తోడి పారబోశాకే సీసా పట్టాలి. పది సెంటీమీటర్ల వ్యాసం గల బోరులో 15 మీటర్ల నీరు నిలిచి ఉంటే అది సుమారు 118 లీటర్లు, మూడింతలంటే 354. సెకనుకు లీటరు ఇచ్చే మోటారుకు ఆరు నిమిషాల పని. ఆ ఆరు నిమిషాల తరవాత కూడా వాహకత మీటరును (నీటిలో విద్యుత్తు ఎంత బాగా పారుతుందో, అంటే లవణాలు ఎంత ఉన్నాయో చూపే మీటరును) బకెట్లో ఉంచి, మూడు నాలుగు నిమిషాల ఎడంతో మూడు రీడింగులు తీసుకోండి. అవి మూడు శాతం లోపు కలిస్తేనే నీరు నిలకడకు వచ్చినట్లు.

ప్రతి బోరు దగ్గరా మూడు సీసాలు కావాలి. ఒకటి ప్రధాన అయాన్లకు, ఒక లీటరుది: అదే నీటితో మూడుసార్లు తొలిచి, గాలి బుడగ మిగలకుండా నింపి, గట్టిగా మూయాలి. రెండోది ఇనుము, మాంగనీసు, ఆర్సెనిక్ వంటి వాటికి: 0.45 మైక్రాన్ల వడపోత గుండా పోసి, వెంటనే పీహెచ్ 2 కంటే దిగేలా నత్రికామ్లం చుక్కలు కలపాలి. మూడోది నైట్రేటుకు: ఐసు పెట్టెలో నాలుగు డిగ్రీల దగ్గర ఉంచాలి. వడపోత బోరు దగ్గరే ఎందుకో ఒక్కసారి చూస్తే మరచిపోరు. ఏటిగట్టు పక్క ఫిల్టరు పాయింటు నుంచి గ్లాసులో పట్టిన నీరు మొదట అద్దంలా ఉంటుంది, తుప్పు వాసన మాత్రం వస్తుంది. కాసేపటికి గ్లాసు అంచున పసుపు ఛాయ, ఆ తరవాత అంతటా ఎర్ర మసక, చివరికి అడుగున ఇటుక పొడిలాంటి గసి. నేలలో గాలి లేక కరిగి ఉన్న ఇనుము గాలి తగిలి తుప్పుగా విడిపోయింది; పోతూ పోతూ ఆర్సెనిక్‌ను కూడా తనతో అడుక్కి లాక్కుపోతుంది. ఆ సీసాను రెండు రోజుల తరవాత ల్యాబులో వడపోస్తే పైన మిగిలిన శుభ్రమైన నీటికే పరీక్ష జరుగుతుంది.

బోర్లతో పాటు ఏటి నీరు, ఇసుక గోతి నీరు తప్పనిసరి. గోతి నీటిని పైన ఒకటి, అడుగున ఒకటి పట్టాలి. సముద్రపు నీరు మంచినీటి కంటే సుమారు రెండున్నర శాతం బరువు. పోటుకు వచ్చి లోతైన గోతిలో దిగిన ఉప్పునీరు పాటుకు తిరిగి పోదు, అడుగునే కూర్చుంటుంది. దీన్ని పట్టడానికి యంత్రం అక్కరలేదు. ఇరుకు మూతి సీసాకు రాయి కట్టి, మూతికి బిరడా పెట్టి, బిరడాకు వేరే తాడు కట్టి పడవ నుంచి దించండి. అడుగు తగిలాక బిరడా తాడు లాగితే బుడగలు పైకి వస్తాయి. బుడగలు ఆగాక సీసా పైకి తీయండి. పైనీటి వాహకతకూ అడుగు నీటి వాహకతకూ ఎన్ని రెట్లు తేడా ఉందో అక్కడే పడవలో మీటరు చెబుతుంది. గోతి పక్కకు వెళ్లేటప్పుడు లైఫ్ జాకెట్ లేకుండా దిగవద్దు. ఇసుక గోతుల అంచులు కాళ్ల కింద జారిపోతాయి.

ఆరో మెట్టు: అక్కడే కొలవవలసినవి

ఉష్ణోగ్రత, పీహెచ్, విద్యుత్ వాహకత, బైకార్బొనేటు. ఈ నాలుగూ సీసాలో ప్రయాణం చేయవు. పీహెచ్ మీటరును 4, 7, 9.2 బఫర్లతోనూ, వాహకత మీటరును 25 డిగ్రీల దగ్గర 1413 మైక్రోసీమెన్స్ చూపవలసిన పొటాషియం క్లోరైడు ద్రావణంతోనూ రోజూ ఉదయం సరిచూడాలి.

బైకార్బొనేటు విషయంలో నేను ఒకసారి తప్పు చేశాను. ఎండలో తిరిగి అలసిపోయి, దాని టైట్రేషను (ఆమ్లం కొద్దికొద్దిగా కలిపి కొలిచే పరీక్ష) ల్యాబులో చేసుకోవచ్చులే అని వాయిదా వేశాను. సీసాలు నాలుగు రోజులు కారులో ఉన్నాయి. ఫలితాలు వచ్చాక సగం నమూనాల్లో రుణ అయాన్లు ధన అయాన్ల కంటే పది శాతానికి పైగా తక్కువ పడ్డాయి. ల్యాబువారు నిర్లక్ష్యంగా చేశారని వారితో గట్టిగానే మాట్లాడాను. మిగిలిన సీసాను వెలుతురుకెత్తి చూస్తే అడుగున తెల్లని పొర ఉంది. నీటిలోని బొగ్గుపులుసు వాయువు ఎగిరిపోయి, సున్నం పేరుకుని, దానితో బైకార్బొనేటూ పోయింది. ఆమ్లం కలిపిన సీసాలో కొలిచిన కాల్షియం మాత్రం పూర్తిగా నిలిచింది. తప్పు నాదే. అప్పటి నుంచి బ్యూరెట్టు, పలుచని ఆమ్లం, మిథైల్ ఆరెంజ్ సైకిలు మీద నాతో పాటు వస్తున్నాయి.

ఏడో మెట్టు: ల్యాబు కాగితాన్ని నమ్మే ముందు

అడగవలసినవి ఇవి: కాల్షియం, మెగ్నీషియం, సోడియం, పొటాషియం, బైకార్బొనేటు, క్లోరైడు, సల్ఫేటు, నైట్రేటు, ఫ్లోరైడు, ఇనుము, మాంగనీసు, ఒక విడతలోనైనా ఆర్సెనిక్, స్తోమత ఉంటే బ్రోమైడు. మొదటి ఎనిమిదింటిలో చాలావరకు మంచి డిగ్రీ కళాశాల ల్యాబులోనే చేయవచ్చు. క్లోరైడు సిల్వర్ నైట్రేటుతో, కాఠిన్యం ఈడీటీఏ అనే రసాయనంతో, సోడియం పొటాషియం ఫ్లేమ్ ఫొటోమీటరుతో. లోహాలకు మాత్రం గుర్తింపు పొందిన పెద్ద ల్యాబే శరణ్యం. ప్రతి పది సీసాలకు ఒకటి రెండో పేరుతో దొంగచాటుగా పంపండి, మరొకటి డిస్టిల్డ్ నీటితో నింపి పంపండి. ఇది మోసం కాదు, ల్యాబుల వాళ్లు కూడా తమలో తాము చేసుకునే పనే.

కాగితం వచ్చాక మిల్లీగ్రాములను మిల్లీఈక్వివలెంట్లుగా, అంటే బరువు లెక్క నుంచి విద్యుదావేశం లెక్కకు మార్చాలి. ఆ లెక్కలో ధన, రుణ అయాన్ల మొత్తాలు సరిపోవాలి. భాగించవలసిన అంకెలు: కాల్షియం 20.04, మెగ్నీషియం 12.15, సోడియం 22.99, పొటాషియం 39.1, బైకార్బొనేటు 61.02, క్లోరైడు 35.45, సల్ఫేటు 48.03, నైట్రేటు 62. లెక్క ఎలా సాగుతుందో చూపడానికి ఒక ఊహా నమూనా తీసుకుందాం. లీటరుకు మిల్లీగ్రాముల్లో కాల్షియం 104, మెగ్నీషియం 54, సోడియం 207, పొటాషియం 12, బైకార్బొనేటు 366, క్లోరైడు 390, సల్ఫేటు 72, నైట్రేటు 20. మార్చి కూడితే ధన అయాన్లు 18.94, రుణ అయాన్లు 18.82. తేడా 0.12ను మొత్తం 37.76తో భాగించి నూటితో హెచ్చిస్తే 0.3 శాతం. అయిదు శాతం లోపు ఉంటే కాగితాన్ని ముందుకు తీసుకెళ్లండి. పది దాటితే మళ్లీ నీరు పట్టండి. ఇంకో మోటు పరీక్ష: ధన అయాన్ల మొత్తాన్ని వందతో హెచ్చిస్తే వచ్చే 1894, మీరు బోరు దగ్గర కొలిచిన వాహకతకు దగ్గరగా ఉండాలి. 2900 అని మీ పుస్తకంలో ఉంటే సీసాలు తారుమారైనట్లే.

ఎనిమిదో మెట్టు: ఉప్పు ఎక్కడిది

అదే నమూనాను వదలకుండా పోదాం. తవ్వకం లేని వరుసలో గట్టుకు దూరంగా ఉన్న తియ్యటి బోరులో క్లోరైడు 50, సోడియం 40, కాల్షియం 60 ఉన్నాయనుకోండి. సముద్రపు నీటిలో లీటరుకు క్లోరైడు సుమారు 19,000, సోడియం 10,700, కాల్షియం 410 మిల్లీగ్రాములు. మన నమూనాలో సముద్రపు నీటి వాటా ఎంత? 390లోంచి 50 తీసివేసి, 19,000లోంచి 50 తీసివేసిన దానితో భాగిస్తే 1.8 శాతం. వంద బిందెల మంచినీటిలో రెండు బిందెలకు కాస్త తక్కువ సముద్రపు నీరు కలిస్తే చాలు, క్లోరైడు భారతీయ తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500:2012 చెప్పిన 250 హద్దు దాటిపోతుంది. తీరప్రాంత నీటి విషయంలో నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచే అంకె ఇదే.

ఈ వాటా ప్రకారం ఊరికే కలిసి ఉంటే సోడియం సుమారు 231, కాల్షియం 66 ఉండాలి. కొలిచినవి 207, 104. సోడియం 24 తగ్గింది, కాల్షియం 38 పెరిగింది. అప్పటిదాకా మంచినీటిలో తడుస్తున్న బంకరేణువుల మీద కాల్షియం పట్టుకుని ఉంటుంది. ఉప్పునీరు కొత్తగా చేరినప్పుడు అందులోని సోడియం ఆ చోటును ఆక్రమించి కాల్షియాన్ని నీటిలోకి నెడుతుంది. పెరిగిన కాల్షియంలో సగానికి కాస్త పైన ఈ మార్పిడి వల్ల వచ్చిందని, మిగిలినది ఇసుకలోని నత్తగుల్లలు కరగడం వల్ల కావచ్చని లెక్క సూచిస్తుంది. సోడియం, క్లోరైడుల మోలార్ నిష్పత్తి (బరువుతో కాక రేణువుల సంఖ్యతో కట్టేది) సముద్రంలో 0.86; ఇక్కడ 0.82. ఇది ఉప్పు ముందుకు వస్తున్న నీటి గుర్తు. దీనికి తలకిందుగా, ఆ నిష్పత్తి ఒకటిని దాటి, బైకార్బొనేటు ఎక్కువై, కాల్షియం తక్కువగా ఉంటే, పాత ఉప్పు నేలను మంచినీరు కడుగుతున్నదని అర్థం. ఉప్పగా ఉన్న బోరన్నది ఒక్కటే చూసి గొడవ పడితే ఈ రెంటికీ తేడా తెలియదు. ఒకటి చెడుతున్న బోరు, మరొకటి బాగుపడుతున్న బోరు. పప్పు ఎందుకు ఉడకలేదో కూడా ఇక్కడే తేలుతుంది: కాల్షియం, మెగ్నీషియం కలిపి కాఠిన్యం సుమారు 480, కోరదగిన హద్దు 200.

ఇప్పుడు కష్టమైన చోటు. రొయ్యల చెరువులోని ఉప్పు కూడా సముద్రపు ఉప్పే. నిష్పత్తులు ఈ రెంటినీ విడదీయలేవు, విడదీస్తాయని ఎవరైనా చెబితే నమ్మవద్దు. అక్కడ పనికొచ్చేది మొదటి మెట్టులో గీసిన పటం, నాలుగో మెట్టులో కొలిచిన మట్టం. ఉప్పు గట్టు వైపు ఎక్కువై ఊరిలోకి తగ్గుతుంటే, గట్టు దగ్గర బోరు పోటుతో కదులుతుంటే, తవ్వకం లేని వరుసలో ఆ పోకడ లేకపోతే, వేలు ఏటి వైపు చూపుతుంది. చెరువు చుట్టూ ఎక్కువై, మూడు పైపుల బోర్లలో ఎక్కువగానూ ఎనిమిది పైపుల బోర్లలో తక్కువగానూ ఉంటే, ఉప్పు పైనుంచి దిగుతున్నది. నైట్రేటు క్లోరైడుతో పాటే పెరుగుతుంటే మరుగుదొడ్ల గోతులను, ఎరువులను చూడండి. నైట్రేటు హద్దు 45. సల్ఫేటు బాగా తక్కువై కుళ్లిన గుడ్ల వాసన వస్తుంటే నీరు నల్ల బంకలో చాలాకాలంగా నిలిచినది, ర్యాంపుకు సంబంధం లేని పాత నీరు కావచ్చు. అయాన్ల పాళ్లను ఒకే బొమ్మలో చూపే పైపర్ చిత్రం గీయడం మంచి అలవాటే, కాని 1944 నాటి ఆ చిత్రం నీటి రకాన్ని చెబుతుంది, నేరస్థుణ్ణి చెప్పదు.

ఉప్పు ఒక్కటే చూడటం కూడా పొరపాటే. ఏటి ఒడ్డు ఇసుక సహజమైన వడపోత. ఒడ్డున ఉన్న రక్షిత మంచినీటి పథకాల బావులు దాని మీదే ఆధారపడతాయి. ఆ ఇసుక పొర పలుచబడితే ఏటి నీరు బావికి చేరే దారి, పట్టే కాలం రెండూ తగ్గుతాయి. మొదట కనిపించేది ఉప్పు కాదు, మసక, సూక్ష్మజీవులు. అలాంటి బావుల నీటిని శుద్ధిచేసిన సీసాలో ఐసు మీద అదే రోజు ల్యాబుకు చేర్చి కోలిఫారమ్ (మల కాలుష్యాన్ని సూచించే బాక్టీరియా) పరీక్ష చేయించండి.

తొమ్మిదో మెట్టు: కాగితాలు

పర్యావరణ అనుమతి ఉన్న తవ్వకందారు షరతుల అమలుపై ఏటా జూన్ 1న, డిసెంబరు 1న నివేదిక ఇవ్వాలని 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ చెబుతుంది. వైశాల్యం అయిదు హెక్టార్ల లోపైనా ఇసుక వంటి చిన్న ఖనిజాల తవ్వకానికి పర్యావరణ అనుమతి కావాలని 2012 ఫిబ్రవరిలో దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కేంద్రం 2016లో ఇచ్చిన ఇసుక తవ్వకాల మార్గదర్శకాలు లోతును మూడు మీటర్లకు గాని, నీటి మట్టానికి గాని, ఏది తక్కువైతే దానికి పరిమితం చేశాయి. సమాచార హక్కు కింద అనుమతి పత్రం, ఆ నివేదికలు, జిల్లా సర్వే నివేదిక తీసుకుని, అందులో రాసిన లోతును మీరు పడవ మీద కొలిచిన గోతి లోతుతో పక్కపక్కన రాయండి.

ఫిర్యాదు కలెక్టరుకో, కాలుష్య నియంత్రణ మండలికో, చివరికి హరిత ట్రిబ్యునల్‌కో వెళ్లినా, దానికి జతచేయవలసినవి నాలుగే: బోర్ల పటం, రెండేళ్ల మే నెలల మట్టాలు, అయాన్ల తూకం సరిపోయిన పరీక్ష కాగితాలు, గోతి అడుగు నీటి వాహకత. బోరు యజమానుల పేర్లు ఫిర్యాదులో పెట్టవద్దు, అంకెలు వేసి గుర్తించండి. ఊళ్లో ర్యాంపు మీద కూలికి వెళ్లే ఇళ్లు కూడా ఉంటాయి. ఫలితం ఏదైనా నీరు ఇచ్చిన ప్రతి ఇంటికీ వెళ్లి, ఈ నీరు తాగవచ్చా, వంటకు వాడవచ్చా, కొబ్బరికి పెట్టవచ్చా అన్న మూడు ప్రశ్నలకు జవాబు కాగితం మీద రాసి ఇవ్వండి. వచ్చే మేలో కాలువలు కట్టేశాక అదే తలుపు తట్టవలసి ఉంటుంది.